గులాబ్ కలర్స్ ఎవరిది?

2022వ సంవత్సరం. చాంద్రాయణగుట్టలో ఫ్లైఓవర్ పక్కన, వ్యాపారాలకు లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చేయించే నా ఆఫీసు, ఎదురుగా ఇర్ఫాన్ ఆఫీసు. నా దగ్గరే పని నేర్చుకుని నాకంటే పెద్ద బోర్డు పెట్టుకున్నాడు. దాన్ని చూస్తే నాకు కడుపు మండేది.

ఆ ఏడు పొరుగు రాష్ట్రపు కంపెనీ ఒకటి మలక్‌పేటలో బ్రాంచి తెరవాలని అతని దగ్గరికే వెళ్లింది. పేరు గులాబ్ కలర్స్ ప్రైవేట్ లిమిటెడ్. వేరే రాష్ట్రంలో పుట్టిన కంపెనీ ఇక్కడ కొత్త పేరు పెట్టుకోనక్కర్లేదు. అదే పేరు మీద జీఎస్టీ, షాపు లైసెన్సు తీసుకుంటే చాలు. కాకపోతే ఆ పేరుతో ఇక్కడ ముందునుంచీ ఎవరైనా వ్యాపారం చేస్తున్నారేమో మేం చూసి చెప్పాలి. ఇర్ఫాన్ కంప్యూటర్లో వెతికి, ఎవరూ లేరని రాసిచ్చాడు. పాతబస్తీ దుకాణాలు కంప్యూటర్లో ఎక్కడ దొరుకుతాయి? గల్లీల్లో తిరిగి అడగాలి.

నాకు తెలుసు. ధూల్‌పేట్‌లో గణేశుడి విగ్రహాలకు రంగులమ్మే కిషన్ సింగ్ దుకాణం పేరు గులాబ్ కలర్స్. గులాబ్‌బాయి ఆయన తల్లి. ఆయన నా క్లయింటే. అయినా నోరు విప్పలేదు. కంపెనీ ముందు ఇర్ఫాన్ పరువు పోతే చూడాలనుకున్నాను.

తీరా చూస్తే, ఆ దుకాణం కంపెనీ కంటపడి నా క్లయింటుకే నిద్ర కరువైంది. ఆ పేరు తమ ట్రేడ్‌మార్క్, అంటే తాము రిజిస్టరు చేయించుకున్న గుర్తు కాబట్టి, బోర్డు తీసేయమని కంపెనీ ఆయనకు నోటీసు పంపింది.

"మా అమ్మ పేరు నేను తీసుడేంది సాబ్? గంప నెత్తిన పెట్టుకొని రంగులమ్మింది ఆమె," అన్నాడు కిషన్ సింగ్. ఆయన వైపు చూడటానికి నాకు ముఖం చెల్లలేదు.

నోటీసు పట్టుకుని ఇర్ఫాన్ దగ్గరికి వెళ్లాను. తెలిసీ చెప్పలేదని ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను.

"గల్లీల అడగకపోవుడు నా తప్పే భాయ్. లొల్లి తర్వాత చేద్దాం. పాత కాగితాలు గిట్ల ఏమన్న ఉన్నయా?"

ట్రేడ్‌మార్క్ ఉన్నవారికంటే ముందునుంచీ ఒక పేరును ఆపకుండా వాడుతున్నవారిని చట్టం కాపాడుతుంది. కిషన్ సింగ్ అటక మీది నుంచి తల్లి పేరున ఉన్న లైసెన్సులు, పాత డబ్బాల లేబుళ్లు దింపాడు. అన్నీ ఆ కంపెనీ పుట్టకముందువి. ఇర్ఫాన్ వాటిని పంపుతూ, తాను సరిగా వెతకలేదని కూడా రాసి సంతకం పెట్టాడు. కంపెనీ నోటీసు వెనక్కి తీసుకుంది.

ఆ రోజు దుకాణంలో మొదటి చాయ్ ఇర్ఫాన్‌కే ఇచ్చారు. "మా అమ్మ పేరు నిలబెట్టినవ్ బేటా," అన్నాడు కిషన్ సింగ్. నా సంగతి ఇర్ఫాన్ ఆయనకు చెప్పలేదు.

పేరు సంగతి ముందు గల్లీలో అడగాలని ఆ కేసు ఇర్ఫాన్‌కు నేర్పింది. నాకది ముందే తెలుసు. నా కుళ్లు పోయిందా అంటే, పోలేదు. అతని పెద్ద బోర్డు కళ్లకు అలవాటైపోయింది. కానీ తప్పు తనదని రాసి పెట్టిన ఆ సంతకం గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.