మారు వడ్డన పొట్లాలు

కృపారావు మాస్టారు ఊరెళ్లాలంటే ముందు చేపలు సిద్ధం కావాలి. మనుషుల సంగతి తర్వాత. ఆయన భార్య ఎలీసమ్మగారు పెట్టె సర్దుకుని అరుగు మీద కూర్చుంటే, మాస్టారు చొక్కా చేతులు మడిచి అద్దాల తొట్టి ముందు కూర్చునేవారు. ఆ హడావుడిలో ఒకసారి కాకినాడ పెళ్లికి రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులతో వెళ్లారు. మరోసారి రావులపాలెం చేరాక గానీ, తాను తెచ్చింది బట్టల సంచీ కాదనీ, తొట్టి నీళ్లు తోడే రబ్బరు గొట్టమున్న సంచీ అనీ తెలుసుకోలేదు.

1982 నాటికి అమలాపురంలో మా వీధికున్న ఘనత ఆ తొట్టే. అందులో ఎనిమిది గోల్డ్ ఫిష్‌లు. సైన్సు మాస్టారు కాబట్టి, మద్రాసు నుంచి పాలక్యానులో, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. చేపంటే పులుసు, లేదంటే వేపుడు, మూడో సంగతి తెలియని ఊరు మాది. చూడ్డానికి వచ్చిన ప్రతివారూ వీటినెప్పుడు వండుతారని అడిగేవారు. "రిటైరయ్యాకండి" అనేవారు మాస్టారు.

ప్రయాణానికి వారం ముందే సన్నాహం మొదలయ్యేది. తొట్టిలో మూడోవంతు నీళ్లు తీసి, రోజంతా డ్రమ్ములో తేరిన నూతినీళ్లు పోసేవారు. పాత పళ్లబ్రష్షుతో అద్దాల నాచు గీకేవారు. ప్రయాణం ముందు కడుపు తేలిగ్గా ఉండాలని చివరి రెండ్రోజులూ చేపలకి మేత తగ్గించేవారు. ప్రయాణం చేపలది కాదని ఎలీసమ్మగారు గుర్తుచేసేవారు.

ఆ ఏడు దసరాకి నాలుగు రోజులు విశాఖపట్నం వెళ్తూ, ఎదురింటి సూర్యావతిగారికి చేపల మేత, అంటే ఎండురొయ్యల పొడి డబ్బా, అప్పగించారు. సూర్యావతిగారి ఇంట భోజనానికి కూర్చున్నవాడు విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి నెయ్యి పడేది. రోజుకి చిటికెడు చాలని మాస్టారు నాలుగుసార్లు చెప్పారు. ఆవిడ చిటికెడే వేశారు. చేపలు చటుక్కున తినేసి, నోళ్లు తెరిచి పైకి చూశాయి. తిన్నవాళ్లు అలా చూస్తుంటే ఊరుకునే వంశం కాదావిడది. మళ్లీ వేశారు. మర్నాడూ అంతే. నాలుగో రోజుకి నీళ్లు కుడితిలా మారి, ఐదు చేపలు వెల్లకిలా తేలాయి.

ఊరి నుంచి వచ్చిన మాస్టారు ఐదింటినీ పెరట్లో పాతిపెట్టి, ఆవిడ కోసం తెచ్చిన మిఠాయి ఆవిడ చేతిలో పెట్టారు. అదే ఆవిడకి పెద్ద శిక్షయింది. తన చెయ్యి మంచిది కాదని చెప్పుకుంటూ ఆ గుమ్మం తొక్కడం మానేశారు. అంతకంటే ఘోరం, ఇంటికొచ్చినవాళ్లకి మారు వడ్డించడం కూడా మానేశారు. ఆ ఇంట్లో భోంచేసి నేను ఆకలితో లేవడం అదే మొదటిసారి. వీధి వీధంతా బెంగపడింది.

మరుసటి వేసవికి మాస్టారు మళ్లీ ఐదు చేపలు తెచ్చి, పది రోజుల ఊటీ ప్రయాణం పెట్టుకున్నారు. ఈసారి మేత వేసే మనిషి కోసం పరీక్ష పెట్టారు. కొబ్బరికాయల వ్యాపారి జగ్గయ్యగారు చిటికెడంటే గుప్పెడు తీసి తప్పారు. పోస్టుమాస్టరుగారు కొలత సరిగ్గానే తీశారు గానీ, వేలితో అద్దం తట్టి తప్పారు. నేను అద్దం జోలికి పోలేదు, కొలతా కుదిరింది. నా చేతిరాత బాగోలేదని తప్పించారు. చేపలకి రాతతో పనేమిటంటే, అద్దాల నాచు గీకడం మొదలుపెట్టారు.

అందరినీ తప్పించి, రేపు ప్రయాణమనగా సూర్యావతిగారింటికి బయల్దేరారు. నేనూ, ఎలీసమ్మగారూ వెంట వెళ్లాం. ఆయన చేతిలో ఇరవై కాగితం పొట్లాలు, కాంపౌండరు కట్టిన మందు పొట్లాల్లా ఉన్నాయి.

"రోజుకి రెండండి" అన్నారు మాస్టారు. "ఒకటి వడ్డన. రెండోది మారు వడ్డన."

ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "వద్దండి మాస్టారూ. ఈసారి ఒక్కటి పోయినా నేనీ వీధిలో తలెత్తుకోలేనండి."

"మీరు కాదంటే ఊటీ లేదండి. వీధిలో అందరూ తప్పేరు."

"పుచ్చుకోండి వదినగారూ" అన్నారు ఎలీసమ్మగారు. "వేసవంతా ఈ మనిషితో ఇంట్లో ఉండటం నా వల్ల కాదు."

సూర్యావతిగారు నవ్వాపుకోలేక చెయ్యి చాపారు.

మర్నాడు బస్టాండులో నా అనుమానం బయటపెట్టాను. రెండేసి పొట్లాలు వేస్తే పాత కథే కదా అన్నాను.

"ఒక్కో దాంట్లో అర చిటికెడేనండి. రెండూ కలిపితే ఒక రోజు మేత" అన్నారు మాస్టారు. "అసలు పది రోజులు ఏమీ వెయ్యకపోయినా వాటికేం కాదండి."

"మరి ఈ పరీక్షలూ, పొట్లాలూ ఎందుకండీ?"

మాస్టారు బస్సు మెట్టు మీద ఆగి, అటూ ఇటూ చూశారు. "ఆ ఇంటి గోంగూర పచ్చడి తిని ఎనిమిది నెలలైందండి" అని లోపలికి వెళ్లిపోయారు.

వాళ్లు తిరిగొచ్చేసరికి వీధంతా తొట్టి ముందే ఉంది. ఎనిమిదీ ఈదుతున్నాయి. పక్కన సూర్యావతిగారు కొంగు బిగించి నిలబడ్డారు. మొత్తానికి బతికించేరే అన్నారు జగ్గయ్యగారు.

"ఆయ్. మా చేత్తో మారు వడ్డిస్తే తిని పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారాండి?" అన్నారావిడ.

దసరాకి పోయిన ఐదింటి మాట ఎవరూ ఎత్తలేదు. మాస్టారు అద్దం దగ్గర వంగి చాలాసేపు చూశారు. "కాస్త ఒళ్లు చేశాయండి" అన్నారు.

ఆ మాటకి సూర్యావతిగారు రెండంగుళాలు పొడుగయ్యారు. ఊటీ ఎలా ఉందని మాస్టారుని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. అప్పటికే ఎదురింట్లో విస్తళ్లు వేసేశారు.