చిలకమ్మ సంతకాల కార్డు

చిలకమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. అమీర్‌పేటలో పద్దెనిమిదేళ్లు ఒకే మెస్సులో వంట చేసింది. మెస్సు మూతపడ్డాక సర్కారు వాళ్లు ఏదో కొత్త పథకం కింద నెలనెలా సాయం ఇస్తామన్నారు, ఓ మెలిక పెట్టి. నెలకు పది చోట్ల పని అడిగితే లేదన్నారని కార్డు మీద సంతకాలు తేవాలట. ఒక్కటి తగ్గినా సాయం బంద్. ఆ సాయంతోనే ఆమె పొయ్యి వెలుగుతోంది మరి.

మొదటి నెల నిజంగానే పని అడిగింది. యాభై నాలుగేళ్లని తెలియగానే అందరూ తల అడ్డంగా ఊపారు. ఎవరికైనా విసుగొస్తుంది కదండీ. రెండో నెల నుంచి గడపలో కాలు పెడుతూనే, "పని లేదు కదా సారూ? జర గీడ సంతకం పెట్టుర్రి" అనడం మొదలుపెట్టింది. వాళ్లకూ అదే సుఖం. పంజాగుట్ట చీరల దుకాణాల నుంచి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల దాకా ఆమె ఎక్కని మెట్టు లేదు. ఎక్కడ వాచ్‌మన్ మానేశాడో, ఎక్కడ ఆయా కావాలో ఆమెను అడిగితే చాలు. అలా పక్కింటి సురేందర్‌నీ, ఇంకో నలుగుర్నీ పనుల్లో పెట్టింది. తనకు మాత్రం సంతకాలే. చోద్యం కాకపోతే ఏమిటి!

ఆ రోజు నెలాఖరు. సాయంత్రంలోగా కార్డు ఇచ్చెయ్యాలి, ఒక్క సంతకం తక్కువైంది. భూలక్ష్మి నడిపే ఆడపిల్లల హాస్టల్‌కు పరుగెత్తింది. భూలక్ష్మి చెమటలు కక్కుతూ తనే గరిటె తిప్పుతోంది.

"అమ్మా, పని లేదు కదా? సంతకం పెట్టు."

"లేకేంది? వంటామె చెప్పకుండ పోయింది. అరవై మంది పిల్లలున్నరు."

"ఫికర్ చెయ్యకు. మా గల్లీల నవీన ఉన్నది, మస్తు వండుతది. ఇప్పుడే ఫోన్ చేస్త."

అంటూనే చిలకమ్మ మంట తగ్గించింది, ఉప్పు చూసింది, పప్పుకు పోపు పెట్టేసింది. భూలక్ష్మి రుచి చూసి ఆమె చేతిలోని ఫోన్ లాక్కుంది.

"గీ చెయ్యి పెట్టుకొని సంతకాలకు తిరుగుతున్నవా?"

"ఏం చెయ్యాలె? నాకెవ్వరు పనియ్యరు."

"నన్నెన్నడన్న అడిగినవా? నాలుగు నెలల సంది పని లేదు కదా అనే అంటున్నవ్. నీకే వద్దేమో అనుకున్న."

చిలకమ్మకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కొంగుతో మొహం తుడుచుకుని మెల్లగా అడిగింది.

"నాకు యాభై నాలుగేండ్లమ్మా. పనిస్తవా?"

"ఇస్త. కానీ సంతకం మాత్రం పెట్ట. ఇంత పని పెట్టుకొని లేదని ఎట్ల రాస్త? రాత్రికి గుడ్లకూర చెయ్యాలె, ఆ ఉల్లిగడ్డలు అందుకో."