నైరుతి మూల కూలరు

మే నెల మిట్టమధ్యాహ్నం భిలాయిలో మనిషికి ఆశయాలు పెద్దగా మిగలవు. గురునాథరావుకు ఒక్కటే మిగిలింది: కూలరు ముందు మంచం. ముప్పైనాలుగేళ్లు బ్లాస్ట్ ఫర్నేస్ ఎదుట కాగి రిటైరైన ఆయన, సెక్టర్ 7 క్వార్టరులో పడగ్గది నైరుతి కిటికీకి కూలరు బిగించి, దాని ముందు పవళించి ఉన్నాడు. ఏటా దాని గడ్డి మార్చడం ఆయన వంతు. రోజూ నాలుగు బకెట్ల నీళ్లు పోయడం భార్య చిన్నమ్మలు వంతు.

ఇంట్లో శక్తి కదలడం లేదని చిన్నమ్మలుకు గట్టి అనుమానం. భర్త కదలడం లేదన్నది అనుమానం కాదు, కళ్లెదుటి సత్యం. రెండింటికీ లంకె ఉందని స్మృతి నగర్ నుంచి వచ్చిన ఫెంగ్‌షుయ్ నిపుణురాలు మణిమాల తేల్చింది.

ఏసీ కారు దిగి, దిక్సూచి పట్టుకుని ఆ అమ్మాయి గది గదీ తిరిగింది. గుమ్మంలో చెప్పులు తీయించింది. నవ్వే బుద్ధుడి బొమ్మని తలుపు కేసి తిప్పింది. గురునాథరావు అన్నిటికీ పడుకునే తలూపాడు. చివరికి ఆమె పడగ్గదిలో ఆగిపోయింది.

"అంకుల్‌జీ, ఇదే మీ ప్రాబ్లం. బెడ్‌రూంలో పానీ! అదీ నైరుతిలో! ఎనర్జీ అంతా బహ్ జాతా హై, కొట్టుకుపోతుంది. దీన్ని ఉత్తరానికి మార్చెయ్యండి."

ఆ ఇంట్లో ఉత్తరపు కిటికీ ఉన్నది సామాన్ల గదికే. అక్కడ నివసించేవి కొత్తావకాయ జాడీలు.

గురునాథరావు లేచి కూర్చున్నాడు. "అంటే ఆవకాయకి సల్లగాలి, నాకు వడగాలీనా?"

"ఏటండా మాటలు! సదువుకున్న పిల్ల, మీ మేలుకే సెప్తంది," అంది చిన్నమ్మలు.

నడిచే యంత్రాన్ని ఆపాలంటే పర్మిట్ మీద సంతకం ఉండాలి; సంతకం చేసినవారు అంతా సవ్యంగా నడిచేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. ఉక్కు ప్లాంటులో గురునాథరావు నేర్చిన ధర్మశాస్త్రం అదే. క్యాలెండరు కాగితం చించి వెనకవైపు రాశాడు: "పరికరం: కూలరు. పని: శక్తి ప్రవాహం మెరుగుపరచుట. ప్రవాహమును స్వయముగా చూచి ధ్రువీకరించువరకు బాధ్యులు స్థలము విడువరాదు."

"ఇంటికొచ్చిన పిల్లకి పంచనామా రాస్తారేటి!" అని చిన్నమ్మలు బుగ్గలు నొక్కుకుంది.

"కిత్నా క్యూట్, అంకుల్‌జీ!" అంటూ మణిమాల సంతకం చేసింది.

పన్నెండున్నరకు కూలరు జాడీల సన్నిధికి చేరింది. గురునాథరావు పడగ్గదిలోనే బాధ్యురాలికి కుర్చీ వేసి, గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"పన్నెండూ నలభై అయిదు. వచ్చిందా మేడం?"

"ఆ రహీ హై, అంకుల్‌జీ."

"ఒంటిగంట."

"టైం పడుతుంది." ఆమె దిక్సూచి పెట్టె మూతతో విసురుకుంటోంది. చిన్నమ్మలు పైట చెంగుతో మెడ తుడుచుకుంటోంది. ఫర్నేస్ మనిషికి మాత్రం చెమట చుక్కయినా పట్టలేదు.

ఒంటిగంటన్నరకు మణిమాల లేచింది. "నాకు ఇంకో ఇంట్లో విజిట్ ఉంది."

"తప్పకుండా వెళ్లండి మేడం. ఇక్కడ 'ప్రవహించినది' అని రాసి వెళ్లండి."

ఆమె పెన్ను తీసింది. కాగితం దాకా వచ్చింది గాని, పెన్ను దిగలేదు. ఎంతయినా నిజాయితీ గల పిల్ల. సామాన్ల గదిలోని కూలరు కేసి చూసి అడిగింది: "అంకుల్‌జీ, కూలరుకి మూడు వైపులా ఉన్నది గడ్డేనా?"

"అచ్చమైన ఖస్ గడ్డి."

"మా శాస్త్రంలో గడ్డంటే వుడ్. నీళ్లు లోపలెక్కడో ఉంటాయి, పైకి కనిపించవు. అంటే ఇది పానీ కాదు, వుడ్. నైరుతిలో ఉండొచ్చు... ఉండాలి!"

పది నిమిషాల్లో కూలరు స్వస్థానం చేరింది. మొదటి గాలి మొహాన్ని కొట్టగానే మణిమాల కళ్లు మూసుకుంది. "ఫ్లో వచ్చింది, అంకుల్‌జీ. పక్కా!" అని సంతకం పెట్టి, ఇంకో ఇంటి విజిట్ మరచి మంచం మీద కూర్చుంది. చిన్నమ్మలు పక్కనే చేరి కాళ్లు బారజాపింది.

గెలిచిన గురునాథరావు తన మంచం కేసి చూశాడు. జానెడు చోటు లేదు.

"ఏటండీ, ట్యాంకులో నీళ్లయిపోతన్నాయి. రెండు బకెట్లు తెండి," అంది చిన్నమ్మలు, కళ్లు తెరవకుండానే.

ఆయన పర్మిట్ మడిచి జేబులో పెట్టుకుని, బకెట్ అందుకున్నాడు.

"సూసేవా అమ్మా," అంది చిన్నమ్మలు మణిమాలతో, "కదిలింది!"