పొయ్యి ఎక్కడ పెట్టాలో నేనే చెప్పాను

మొన్న ఆదివారం నా పరువు ఎలా పోయిందో ఇంకొకరి నోట వినేముందు నేనే చెప్పేస్తాను. మా అన్నయ్య చెబితే రంగులద్దుతాడు. నేను చెబితే కనీసం సైన్సైనా సరిగ్గా ఉంటుంది. నన్ను ముంచింది ఆ సైన్సే అనుకోండి, అది వేరే సంగతి.

ఉద్దానంలో సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది మా పెదనాన్న కొడుకు కామేశన్నయ్య ఊరు. అక్కడి ఆడవాళ్లు నెలకోసారి ఆయన జీడితోటలో కూర్చుని ఏదో ఒక విషయం మాట్లాడుకుంటారు. ఆ విషయం చెప్పడానికి టెక్కలి నుంచి నేనూ వెళ్తుంటాను. ‘కూర్చుని’ అన్నానే, అది మర్యాద కోసం అన్న మాట. సగం మంది పొయ్యి దగ్గరే ఉంటారు. మిగతా సగం చెవి నాకిచ్చి ముక్కు పొయ్యికిస్తారు. నేను మంచి ఊపు మీద ఉండగా ఎవరో ఒకరు “పప్పు అడుగంటతంది!” అంటారు. సభ లేచిపోతుంది.

విసుగెత్తి అన్నయ్యతో అన్నాను. “ఈసారి వంట మీ మగవాళ్లు చెయ్యండి.”

అన్నయ్య మీసం కింద నవ్వుకున్నాడు. “సేత్తాం సెల్లీ. అదేటి బెమ్మవిద్దా? కానీ ఒక కండీసను. భోజనాలేల దాకా ఒక్క ఆడది మా పొయ్యి కాడకి రాకూడదు. రాలేదా, ఇక పెతీ నెలా వంట మాదే. వచ్చిందా, ఈ మాట మళ్లీ ఎత్తకు.”

పక్కనే ఉన్న లక్ష్మి వదిన మూతి తిప్పింది. “మీ పొయ్యి కాడ మాకేటి పని? మీకు దండం, మీ పొయ్యికి దండం.”

పందెం కుదిరింది. ప్రతి నెలా ఒక పూట ఇరవై ముప్ఫై మంది ఆడవాళ్లు కుర్చీల్లోంచి లేవకుండా కూర్చోవడం! ఆడవాళ్ల వంటింటి చాకిరీ మీద నేను రాసిన వ్యాసాలన్నీ కలిపినా అంత పని చెయ్యలేదు. గెలిచి తీరాలి అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే చేరాను. తోటలో టెంటు వేశారు. ఆడవాళ్లెవరూ ఇంకా రాలేదు. అన్నయ్య, ఆయన స్నేహితులు లుంగీలు ఎగ్గట్టి యుద్ధానికి సిద్ధంగా ఉన్నారు.

“పొయ్యి ఎక్కడెట్టమంటావు సెల్లీ?”

నేను గాలి చూశాను. ఊరి వైపు నుంచి సముద్రం వైపు చల్లగా వీస్తోంది. “అటు, సముద్రం వైపు పెట్టండి. పొగంతా నీళ్ల మీదకి పోతుంది. ఆడవాళ్లకి వాసన కూడా తగలదు.”

“నువ్వెక్కడంటే అక్కడే,” అన్నాడు. ఆ మనిషి పుట్టి పెరిగింది ఆ గాలిలో. ఒక్క మాట అనలేదు. ఎందుకంటాడు, పందెం కాసినవాడు!

ఆడవాళ్లు వచ్చారు. ముందు జాగ్రత్తగా ఆర్డరేశాను. “ఎవరూ పొయ్యి వైపు చూడొద్దు. తలే తిప్పొద్దు.” పాపం, బుద్ధిగా పొయ్యికి వీపు పెట్టి కూర్చున్నారు.

ఆ రోజు విషయం ఏమిటంటే, మన ఎండా వానా గాలీ అన్నీ నీటి స్వభావం మీద ఎలా ఆధారపడ్డాయి అని. ఊరికే చెబితే ఎక్కదని ఒక పళ్లెంలో ఇసుక, ఇంకో పళ్లెంలో నీళ్లు పోసి ఎండలో పెట్టించాను. కాసేపాగి రెండింట్లోనూ వేలు పెట్టి చూడమన్నాను.

“అమ్మో, ఇసక సుర్రుమంది!”

“నీల్లు సల్లగానే ఉన్నాయే!”

“అదే విషయం,” అన్నాను. “ఎండ రెండింటికీ ఒకటే. ఇసుక త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. నీళ్లు వేడెక్కాలంటే చాలా వేడి కావాలి. ఎక్కాక వదలాలన్నా అంతే ఆలస్యం.”

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. “అయితే మేడమ్, ఇసక మా మావలాటిది. బేగి మండతాడు, బేగి సల్లారతాడు. నీల్లు మా అత్తలాటివి. ఎప్పుడో పొద్దున్న అన్న మాటకి నెమ్మదిగా కాగుతాది, రేత్రికీ సల్లారదు.”

ఇంతకన్నా బాగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఆ అత్తగారిని పట్టుకునే పాఠమంతా నడిపించాను. సముద్రం ఎండాకాలమంతా వేడి దాచుకుంటుంది. ఆ వేడికి నీళ్లు ఆవిరై పైకి వెళ్తాయి. ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు, దాచుకున్న వేడంతా పైన విడుదలవుతుంది. తుఫానుకి తిండి అదే. వానాకాలం వెనక్కి మళ్లే రోజుల్లో కూడా తుఫాన్లు మన మీదకి ఎందుకొస్తాయో ఇప్పుడు తెలిసిందా? తలలూపారు. ఒక్కరు లేవలేదు! అన్నయ్య దూరం నుంచి చూస్తున్నాడు. నేను గెలుస్తున్నాను.

గెలుస్తున్నవాళ్లు అక్కడితో ఆగాలి. నేను ఆగలేదు.

“ఇంకో సంగతి. పొద్దున్న గాలి ఎటు వీచింది? ఊరి నుంచి సముద్రానికి. ఎండెక్కితే నేల కాలిపోతుంది, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అంటే ఏమవుతుంది? గాలి తిరుగుతుంది! సరిగ్గా ఈ టైముకే. చూస్తూ ఉండండి.”

చూస్తూనే ఉన్నాం. టెంటు గుడ్డ ఒకసారి ఊపిరి పీల్చుకున్నట్టు ముడుచుకుని, ఊరి వైపుకి ఉబ్బింది. చల్లటి సముద్రపు గాలి నా ముఖానికి తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. సముద్రాన్ని నేనే పిలిపించినట్టు నిలబడ్డాను.

చప్పట్లు ఆగకముందే దగ్గు మొదలైంది.

మామూలు కట్టెల పొగైతే సర్దుకునేవాళ్లం. మగవాళ్లు స్పెషల్ ఐటమ్ ఒకటి పెట్టుకున్నారు. అతిథులకి కాల్చిన జీడిపప్పట! చిల్లుల మూకుట్లో జీడిపిక్కలు పోసి మంట పెట్టారు. పిక్క తొక్కలో నూనె ఉంటుంది. అది అంటుకుంటే నల్లటి పొగ, కళ్లలో కారం కొట్టినట్టుంటుంది. అందుకే మా వైపు ఆడవాళ్లు పిక్కలు కాల్చేటప్పుడు ముందు గాలి చూస్తారు. ఈసారి ఆడవాళ్లు చూడలేదు. చూడొద్దన్నది నేను.

“ఓలమ్మో, కల్లు పోతన్నాయి!”

“ఎవులా పిక్కలు కాల్సింది? ఎవులు?”

కళ్లు మూసుకునే మైకు అందుకున్నాను. బుర్ర మాత్రం సైన్సు ప్రకారమే పనిచేసింది. “కంగారు పడకండి! ఊరి వైపు పరిగెత్తొద్దు, పొగ కూడా అటే వస్తుంది. గాలికి ఎదురు వెళ్లండి! సముద్రం వైపు! అందరూ సముద్రం వైపు!”

సలహా నూటికి నూరు పాళ్లు సరైనది. పొయ్యి దాటితే అటు పక్క పొగ చుక్క లేదు, చల్లగా నీడ కూడా ఉంది. అందరూ కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని అక్కడ చేరారు. కళ్లు తుడుచుకుని తెరిచారు. ఎదురుగా అడుగు దూరంలో పప్పు గుండిగ.

“ఏటిది, పప్పులో ఉప్పేసినారా?” అంది వదిన.

“ఏసినట్టే ఉన్నాం,” అన్నాడు అన్నయ్య.

“వంకాయలు ఇలగేనా కోత్తారు? ఇల్లు కట్టడానికా? ఒగ్గేయ్, గరిటి ఇలాగిచ్చేయ్.”

అన్నయ్య గరిటె చాలా మర్యాదగా, రెండు చేతులతో అందించాడు. పిక్కల మంట మీద నీళ్లు కొట్టించి, తువ్వాలు దులుపుకుని, స్నేహితులతో సహా టెంటులోకి నడిచాడు. ఆడవాళ్ల కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. అన్నయ్య కాలు మీద కాలు వేసుకున్నాడు.

“సెప్పు సెల్లీ. గాలి తిరిగిందన్నావు. తరవాతేటి?”

మిగతా పాఠం వాళ్లకే చెప్పాను. ఏం చేస్తాను, మైకు చేతిలో ఉంది. చాలా శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒక్కరు కూడా లేవలేదు.

ఆడవాళ్లని పొయ్యి దగ్గరికి తోసేది మగవాళ్లేనని ఇన్నేళ్లుగా రాస్తున్నాను. ఆ రోజు మగవాళ్లు వేలు కూడా కదపలేదు. మైకులో పిలిచి, దారి చూపించి, కారణాలతో సహా పంపింది నేనే.