ఓబులేసు లేపిన బండ

బేతంచెర్ల నాపరాతి గనిలో ఓబులేసు సుత్తి ఎత్తే ముందు ఒకసారి వెనక్కి చూస్తాడు. ఇరవై రెండేళ్లొచ్చినా ఆ చూపు పోలేదు. వెనక నాయన ఉంటే అరచేతులకు చెమట పడుతుంది. లేకుంటే, ఎప్పుడొస్తాడోనని ఇంకా పడుతుంది. దాన్ని పంచెకు తుడుచుకుని, రాతి పొరలో ఉలి పెట్టి, దెబ్బ దెబ్బకూ ఆగి, బీట పడిందేమోనని చెవి ఒగ్గి వింటాడు. పక్కనే సావాసగాడు మద్దిలేటి పాడుకుంటూనే పలకలు లేపేస్తాడు. "వాన్ని చూసి నేర్చుకోరా" అని నాయన రోజూ అనే మాట, ఆయన అనకముందే ఓబులేసుకు వినిపిస్తుంది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది, మిగతావాళ్లు సద్దికి పోయిన వేళ, అతని ఉలి కింద మంచమంత బండ ఒక్క బీట లేకుండా లేచింది. మద్దిలేటి పాట ఆపి చూశాడు. ఓబులేసు మాత్రం బీట కోసం అంచులు తడుముతూనే ఉన్నాడు. ఇంతలో నాయన వచ్చి సుత్తితో తట్టాడు. బండ కంచులా మోగింది.

"ఎవుర్రా దీన్ని లేపింది?"

ఓబులేసు అరచేతుల చెమట పంచెకు తుడుచుకున్నాడు. ఇంత బండ లేపినవాడు రేపు ఇంకొకటి లేపాలి. అది పగిలితే?

"మద్దిలేటి, నాయనా."

మద్దిలేటి ఏదో అనబోయి, ఓబులేసు కళ్లు చూసి ఊరుకున్నాడు. నాయన మద్దిలేటి భుజం తట్టి, కొడుకు వైపు తిరిగాడు. "మరి నువ్వేం చేస్తాండావురా ఈడ?"

అప్పటికి గానీ ఓబులేసు అరచేతుల చెమట ఆరలేదు.