ఎడమ చెంప

పాడటం మానేసి నలభయ్యేళ్ళయినా, మాట్లాడుతూ మాట్లాడుతూ ముంజేత్తో ఎడమ చెంప తుడుచుకునే అలవాటు బెరిల్‌ని వదల్లేదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో పంక్ అనే అరుపుల రాక్ పాట పాడిన మొదటి ఆడపిల్ల ఆమె. ఆ పాటలు వినడానికొచ్చే జనానికి చప్పట్లంటే నామోషీ. పాట నచ్చితే పాడేవాళ్ళ మీద ఉమ్మేవాళ్ళు. బెరిల్ ఒక్కసారీ వెనక్కి జరగలేదు. తుడుచుకుని తరవాతి పాట అందుకునేది. ఆ తరవాత బతుకంతా బడి వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీయడంతోనే సరిపోయింది. చెవికి పిన్నీసులు గుచ్చుకున్న మచ్చలూ, బొంగురు గొంతూ తప్ప ఆనాటిదేదీ మిగల్లేదు.

మొన్న, ఒకప్పుడు ఆమె పాడిన పాత క్లబ్బు గోడకి, పేరున్నవాళ్ళ గుర్తుగా బిగించే నీలం ఫలకం ఆమె పేరుతో పెట్టారు. నగర పెద్దలు మెత్తగా చప్పట్లు కొడుతుంటే ఆమె ముభావంగా నిలబడింది. మర్నాడు పొద్దున్నే రొట్టె కొనడానికి అటు వెళ్తే, మునిసిపాలిటీ మనిషొకడు బ్రష్షుతో ఫలకం దగ్గరికి వంగుతున్నాడు.

“ఎవడో దరిద్రుడు మీ పేరు మీద ఉమ్మిపోయాడమ్మా. సిగ్గులేని జనం!”

బెరిల్ అతని మణికట్టు పట్టుకుంది. “తుడవకు నాయనా.”

“అదేంటమ్మా?”

“మావాళ్ళెవరో ఇంకా బతికే ఉన్నారు.”

ఆమె రెండో చెయ్యి అలవాటుగా చెంపదాకా లేచి, తుడుచుకోకుండానే ఆగిపోయింది.