ముళ్ల కోసం ప్రార్థన

గంధకం మందు వాసన తగిలితే వసంత్ కుంజ్‌లోని మా బాల్కనీ గుర్తొస్తుంది. పార్కులో దొరికిన, ఒళ్లంతా ముళ్లుండే చిన్న హెడ్జ్‌హాగ్‌కు నర్సు అయిన అమ్మ అక్కడ వైద్యం చేసేది. దాని ముళ్లు రాలుతుంటే నాకు సంబరంగా ఉండేది. ముళ్లు శాపమని సండే స్కూల్లో విన్నాను. ఆదివారం సంఘంలో లేచి, “దాని శాపం పోతోంది, దేవునికి స్తోత్రం” అని సాక్ష్యం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ నవ్వింది. “పిచ్చితల్లీ, అది గజ్జి. ముళ్లు లేకుండా వదిలితే కుక్కలు బతకనిస్తాయా?”

అప్పట్నుంచి ముళ్లు మొలిపించమని ప్రార్థించాను. మొలిచాక ఆరావళి పొదల దగ్గర వదిలాం. ఓ కుక్క వచ్చి మూతి పెట్టింది. హెడ్జ్‌హాగ్ బంతిలా ముడుచుకుంది. కుక్క కుయ్యిమంటూ వెనక్కి తగ్గింది.

ప్రభువా, ఇది తీసెయ్యి అని అడిగేముందు ఇప్పటికీ కాస్త ఆగుతాను.